అంచులు ఎత్తిన రేకు

పరిశోధనా వ్యాసం పత్రికకు చేరే దారి తపాలా కవరు నుంచి కంప్యూటరు తెరకు మారిన తరవాత, వ్యాసం ఎంత గొప్పదైనా, అందులోని మొదటి వాక్యం కన్నా ముందు రచయిత దాటవలసిన గళ్ళు రెండు ఉంటున్నాయి. ఒకటి ‘మొదటి పేరు’, రెండోది ‘చివరి పేరు’. ఆ గళ్ళు గీసినవారి దేశాలలో వ్యక్తి పేరు ముందు, వంశం పేరు వెనక ఉంటాయి కాబట్టి, చివరి పేరు అంటే వంశం పేరే అన్నది వారికి వేరే చెప్పనక్కరలేని సంగతి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పుట్టినవారికి ఇంటిపేరు ముందుంటుంది, దాని వెనక తాత పేరో ఇలవేలుపు పేరో వస్తుంది, నలుగురూ పిలిచే పేరు ఆఖరున ఉంటుంది. పైగా ఇంటిపేరు రేషను కార్డు నాటికే ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోయి ఉంటుంది. ఆ గళ్ళ ముందు కాసేపు చెయ్యి ఆగుతుంది. ఇంటిపేరును చివరి గడిలో వేస్తే పేరు తిరగబడి, సొంత ఊరివారే పోల్చుకోలేని మనిషి తయారవుతాడు. పిలిచే పేరును వేస్తే ప్రపంచమంతా ఆ పేరునే వంశనామం అనుకుంటుంది. ఒక వ్యాసంలో ఒక విధంగా, మరో వ్యాసంలో ఇంకో విధంగా వేస్తే లెక్కలు కట్టే యంత్రాలకు ఆ ఒక్కరూ ఇద్దరవుతారు. ఈ చిక్కు తీర్చడానికే 2012లో ఆర్కిడ్ అనే ఏర్పాటు వచ్చింది, అంటే పరిశోధకుడు పేరు ఎలా రాసుకున్నా పట్టుబడేలా 16 అంకెల సంఖ్యను జీవితాంతానికి కేటాయించడం. పేరు చెయ్యవలసిన పని అంకెలకు అప్పగించడం పరిష్కారమా, ఓటమిని ఒప్పుకోవడమా అన్నది వేరే ప్రశ్న. అసలు ఇంత చిన్న విషయం మనసులో ఎందుకు గుచ్చుకోవాలి? పేరు ఎటునుంచి రాసినా వ్యాసంలోని విషయం మారదు కదా?

మారుతుందేమోనన్న అనుమానం గ్రంథసూచి చూసినప్పుడు కలుగుతుంది. వ్యాసం చివర, రచయిత ఆధారపడ్డ పుస్తకాలనూ వ్యాసాలనూ అక్షరక్రమంలో పేర్చే పట్టికను గ్రంథసూచి అంటారు. మన్నెంలోని సవరల భాష మీద ఇంగ్లీషులో వచ్చిన ఏ వ్యాసం చివరి పుటలు తిరగేసినా గిడుగు వెంకట రామమూర్తి ‘రామమూర్తి, జి. వి.’ అనే పేరుతో ఆర్ అక్షరం కింద కనిపిస్తారు. ఆయన కుమారుడు, అదే సవరల మీద పనిచేసిన గిడుగు వెంకట సీతాపతి ‘సీతాపతి, జి. వి.’ అయి ఎస్ అక్షరం కిందికి వెళ్ళిపోతారు. తెలియనివాడు ఆ పట్టిక చూస్తే వీరిద్దరూ తండ్రీకొడుకులన్న ఆచూకీ దొరకదు. ఉన్నదల్లా రెండు పొడి అక్షరాలే. తెలుగు పద్ధతిలో పేర్చి ఉంటే ఇద్దరూ ‘గి’ కింద ఒకరి కింద ఒకరు ఉండేవారు, వారికి కొంచెం దిగువన, ‘గు’ దగ్గర, గురజాడ అప్పారావు ఉండేవారు. 1862లో పుట్టిన గురజాడా 1863లో పుట్టిన గిడుగూ విజయనగరంలో మహారాజావారి బడిలో కలిసి చదువుకున్న స్నేహితులు. ఒకే బడిలో చదివినవారిని అక్షరమాలలో కూడా ఇరుగుపొరుగున ఉంచగల పట్టికకూ, ఒకరిని ఎ దగ్గరా మరొకరిని ఆర్ దగ్గరా విడదీసే పట్టికకూ తేడా కేవలం అలంకారానిదేనా అని అడగవలసి వస్తుంది. రూపం విషయాన్ని మార్చకపోవచ్చు. ఏది ఏ పక్కన కనిపించాలో మాత్రం అదే నిర్ణయిస్తుంది, పక్కన కనిపించనిది తట్టడం కష్టం.

ఊళ్ళ పేర్లదీ ఇదే కథ. శ్రీకాకుళంలో దొరికిన, కళింగాన్ని ఏలిన గంగరాజుల తామ్రశాసనాలను శాసన పండితుడు జె. ఎఫ్. ఫ్లీట్ 1884లో ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో అచ్చు వేయించినప్పుడు ఆ ఊరు ‘చికాకోల్’. నేటికీ ఆ శాసనాలను వెతకవలసింది ఆ పేరుతోనే. సొంత ఊరి చరిత్రను తెలుసుకోబోయే విద్యార్థి ముందుగా ఆ ఊరిని దొరలు ఎలా పలికారో నేర్చుకోవాలి.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి పత్రికల నియమాలన్నీ పరాయి నియమాలేననీ, వాటిని దులిపేసుకుంటే చాలుననీ తేల్చడం సులువు. ఆ తేలిక తీర్మానానికి గిడుగు రామమూర్తే అడ్డుపడతారు. పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం గుడిలోని శాసనాలను చదవడానికి పాత లిపులను ఆయన ఎవరి దగ్గరా కాకుండా తనంత తానే నేర్చుకున్నారు. నరసన్నపేట తాలూకా నడగాంలో దొరికిన తామ్రశాసనాన్ని ఆయన పరిష్కరించగా, హుల్ట్ష్ సంపాదకత్వంలో వెలువడిన శాసనాల పత్రిక ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో, అంటే 1896–97 నాటి సంపుటంలో, అది అచ్చయింది. శక సంవత్సరం 979లో, అంటే క్రీ.శ. 1057 ప్రాంతంలో, గంగరాజు వజ్రహస్తుడు ఇచ్చిన దానపత్రమది. గంగుల రాజధాని కళింగనగరం నేటి కళింగపట్నమేనని ఫ్లీట్ వంటివారు అనుకుంటున్న కాలంలో, అది ముఖలింగమేనని వాదించినవారు రామమూర్తి. విశ్వవిద్యాలయం లేని ఊళ్ళో, బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ, ఆనాటి పేరున్న పండితుడి మాటను కాదనడానికి ఆయనకు చేతిలో ఉన్న బలమేమిటి? ఆధారాలు ఉన్నాయి నిజమే. ఆ ఆధారాలను ఎదుటివాడు తోసిపుచ్చలేని వరసలో పెట్టడానికి పత్రిక ఏర్పరచిన ఒక చట్రం కూడా ఉంది, దాన్ని ఆయన తు.చ. తప్పకుండా పాటించారు.

ఆ చట్రాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. శాసన వ్యాసం మొదట రేకులు ఎక్కడ, ఎలా దొరికాయో చెబుతుంది. తరవాత రేకులెన్ని, కొలతలెంత, పంక్తులెన్ని, రేకులను కూర్చిన కడియం కోసి ఉందా లేదా, ముద్ర మీద ఏ గుర్తులున్నాయో చెబుతుంది. ఆపైన లిపి, భాష, వర్ణక్రమం, అంటే చెక్కినవాడు ఏ అక్షరానికి బదులు ఏ అక్షరం వాడాడన్న పరిశీలన. అప్పుడు విషయ చర్చ, మూలపాఠం, అనువాదం, వీటికి తోడుగా సిరా అచ్చు. రేకు మీద తడి కాగితం పరిచి అదిమి, పైన సిరా అద్ది తీసిన నకలును సిరా అచ్చు అంటారు. దాన్ని పత్రికలో ప్రత్యేక పుటగా వేసేవారు. ఇందులో ముఖ్యమైనదంతా మూలపాఠం కింద ఉన్న పాదసూచికలలో, అంటే పుట అడుగున చిన్న అక్షరాలతో వేసే గమనికలలో ఉంటుంది. చెక్కినవాడు ఒక గుడి మరిచిపోయి ఉండవచ్చు, ఒత్తక్షరం జారవిడిచి ఉండవచ్చు, ‘శ’ బదులు ‘స’ చెక్కి ఉండవచ్చు. పరిష్కర్తకు అది తప్పని తెలుసు. అయినా పాఠంలో ఆ తప్పును తప్పుగానే ఉంచి, పైన ఒక చిన్న అంకె వేసి, దీన్ని ఇలా చదవాలని అడుగున రాయాలి. అంటే మూలంలో ఏముందో, పరిష్కర్త ఏమనుకున్నాడో రెండూ విడివిడిగా, ఒకే పుటలో ఉంటాయి. సిరా అచ్చు పక్కనే ఉంది కాబట్టి అసలు ఆ అక్షరం ‘స’ అవునో కాదో పాఠకుడు తన కళ్ళతో చూసుకుని పరిష్కర్తతో పేచీ పెట్టుకోవచ్చు. పరిష్కర్త తన దిద్దుబాటును పాఠంలోనే కలిపేసి ఉంటే పుట నున్నగా కనిపించేది, పేచీకి చోటు ఉండేది కాదు. పత్రికల రూపనియమాలలో ఇంతకన్నా మర్యాదగల నియమం మరొకటి ఉందా అన్నది సందేహమే. తాను పొరపాటు పడి ఉండవచ్చునన్న మాటను వినయంగా ముందుమాటలో చెప్పుకోవడం ఎవరైనా చేస్తారు. పట్టుబడేందుకు వీలుగా పుటను అమర్చిపెట్టడం వేరు.

విచిత్రమేమంటే ఆ వ్యాసానికి విషయమైన తామ్రశాసనం కూడా రూపనియమాలకు కట్టుబడిన పత్రమే. రేకుల అంచులను కొంచెం పైకి ఎత్తి కొడతారు, ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు రాత అరిగిపోకుండా; నేటి పుటకు నాలుగు పక్కలా వదిలే ఖాళీ అంచుకు అది తాతగారు. మొదటి రేకు పైవైపూ ఆఖరి రేకు వెలుపలివైపూ సాధారణంగా ఖాళీగా వదిలేస్తారు, అట్టల్లాగ. చిల్లు పొడిచి కడియం తొడిగి, ఆ కడియం కొసలను రాజముద్రలో బిగిస్తారు. నడుమ ఒక రేకు తీసి మరొకటి చొప్పించాలంటే కడియం కొయ్యక తప్పదు, కోస్తే తెలిసిపోతుంది. రాతలో కూడా వరస ఉంది: మంగళం, రాజు ఉన్న ఊరు, వంశక్రమం, దానం పుచ్చుకున్నవారి వివరం, ఊరి హద్దులు, దానాన్ని కాజేసినవారికి శాపం, తేదీ. వజ్రహస్తుడి శాసనాలన్నింటిలో వంశక్రమం దాదాపు ఒకే మాటలలో, ఒకే వరసలో వస్తుంది. గుణమహార్ణవుడి కొడుకు వజ్రహస్తుడు 44 ఏళ్ళు, ఆ తరవాత గుండముడు 3 ఏళ్ళు, కామార్ణవుడు 35 ఏళ్ళు, వినయాదిత్యుడు 3 ఏళ్ళు, అనియంకభీముడనే వజ్రహస్తుడు 35 ఏళ్ళు, ఇంకొక కామార్ణవుడు అర్ధ సంవత్సరం, ఇంకొక గుండముడు 3 ఏళ్ళు, మధుకామార్ణవుడు 19 ఏళ్ళు ఏలారని ఆ జాబితా చెబుతుంది. ఆ అర్ధ సంవత్సరం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. ఆరు నెలలు మాత్రమే సింహాసనం మీద కూర్చున్నవాడిని వదిలేసినా అడిగేవారు లేరు. అయినా అతని వంతు అతనికి రాగిమీద దక్కింది. పరిశోధనా వ్యాసంలో ‘పూర్వ పరిశోధన సమీక్ష’ అనే భాగం, అంటే ఇదే విషయం మీద ఇంతకు ముందు ఎవరెవరు ఏమేమి తేల్చారో చెప్పే భాగం, చెయ్యవలసిన పని సరిగ్గా ఇదే. పట్టాభిషేకం తేదీని మాత్రం అంకెలతో కాకుండా మాటలతో చెప్పారు: ఆకాశమంటే సున్న, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది, వాటిని వెనకనుంచి చదివితే శక 960, అంటే క్రీ.శ. 1038. రాగి మీద ఒక అంకె అరిగిపోతే మరో అంకెగా కనిపించే ప్రమాదముంది. ‘ఋతువు’ అనే మాట అరిగినా నిధి అయిపోదు. దానికి ఛందస్సు అవసరమే కారణమని పెద్దలు చెప్పవచ్చు, అదీ నిజమే. ఒక అలవాటుకు ఒకే కారణం ఉండాలన్న నియమం లేదు గదా.

ఈ వంశక్రమాన్నే కొన్నేళ్ళకు వజ్రహస్తుడి మనుమడు అనంతవర్మ చోడగంగదేవుడు ఏం చేశాడన్నది పత్రికలతో పనిపడిన ప్రతివారూ చూడవలసిన ముచ్చట. శక 1003 నాటి అతని శాసనంలో పాత జాబితాయే ఉంది. రాజ్యం పెరిగి, శక 1040 నాటికి, అంటే క్రీ.శ. 1118 ప్రాంతానికి, వంశం ఏకంగా విష్ణువు దగ్గర మొదలై చంద్రుడి మీదుగా దిగివస్తుంది. నడుమ కొత్త పూర్వులు పుట్టుకొస్తారు. పాత రాజుల వరసకూ ఏళ్ళకూ మునుపటి జాబితాతో పొత్తు కుదరదు. రెండు శాసనాలనూ ఫ్లీట్ 1889లో ఒకే పత్రికలో అచ్చు వేయించడం వల్ల ఆ తేడా పక్కపక్కనే బయటపడింది. అవసరం లేని పేర్లతో గ్రంథసూచిని బరువెక్కించి వ్యాసానికి గొప్ప వంశం కట్టబెట్టే నేటి అలవాటుకు ఇది తొమ్మిది శతాబ్దాల నాటి నమూనా అనవచ్చు. ఆ అలవాటును కేవలం రచయితల దంభంగా కొట్టిపారెయ్యడం కూడా అన్యాయమే. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథం సమర్పించే ముందే ఒక పత్రికలో వ్యాసం అచ్చయి ఉండాలని నియమం పెట్టింది. నియమం పెట్టాక డబ్బు పుచ్చుకుని రెండు రోజులలో అచ్చువేసే పత్రికలు వానాకాలపు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిని ఏరివెయ్యడానికి ఆ సంఘం ఆమోదించిన పత్రికల ‘కేర్’ జాబితా పుట్టింది. 2022లో ఆ నియమం పోయింది, 2025లో ఆ జాబితా కూడా పోయింది. వ్యాసం రాయవలసింది చెప్పడానికేదో ఉన్నప్పుడు. చెప్పడానికి ఉన్నా లేకపోయినా రాయవలసి వచ్చినప్పుడు మిగిలేది రూపమొక్కటే కాబట్టి, అందరూ రూపాన్నే తోముతారు: సారాంశం 250 మాటలు, కీలకపదాలు ఐదు, అక్షరం 12 పాయింట్లు, అంచు అంగుళం.

ఆ తోముడు జరిగే చోటు విశ్వవిద్యాలయం కాదు. ఎచ్చెర్లలో 2008లో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వెలిసింది, విజయనగరంలో గురజాడ పేరుతో సాంకేతిక విశ్వవిద్యాలయమూ గిరిజన విశ్వవిద్యాలయమూ ఉన్నాయి. అయినా వ్యాసానికి ఆఖరి రూపం వచ్చేది శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కలనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో, జెరాక్స్, డి.టి.పి., స్పైరల్ బైండింగ్ అని బోర్డు కట్టిన ఇరుకు కొట్లలో. తెలుగు వ్యాసమైతే అక్కడ పడే పాట్లు వేరు. అను ఫాంటులో పేజ్‌మేకర్ మీద కొట్టిన వ్యాసాన్ని పత్రికవారు వర్డ్‌లో పంపమంటే, అక్షరాలన్నీ చెదిరి ఇంగ్లీషు గుర్తుల చిత్తడిగా మారతాయి. ఎందుకంటే పాత ఫాంట్లలో ‘క’ అనేది కంప్యూటరుకు క కాదు, ఏదో ఒక ఇంగ్లీషు గుర్తుకు తొడిగిన వేషం. యూనికోడ్‌కు, అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతికి మారినా చిక్కు తీరదు. పంక్తికీ పంక్తికీ మధ్య దూరం సరిగ్గా 12 పాయింట్లే ఉండాలని పత్రిక నమూనాలో బిగించి ఉంటే, ఇంగ్లీషు అక్షరం అందులో హాయిగా కూర్చుంటుంది. తెలుగు అక్షరం కూర్చోలేదు. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద ట వత్తు, దాని పక్కన రావత్తు దిగాలి. పై పంక్తి అడుగున కత్తెర పడి ఆ వత్తుల కాళ్ళు తెగిపోతాయి. తెరమీద చూసేవారికి అది ముద్రారాక్షసంలా ఉంటుంది. కొట్లో పనిచేసే కుర్రాడు చిన్నగా విసుక్కుని, ఆ అంకెను 18కి పెంచి, వత్తులను వెనక్కి తెస్తాడు. దానితో పుటల సంఖ్య పరిమితి దాటుతుంది. అప్పుడు కొయ్యవలసినవి వత్తులా, వాక్యాలా?

ఆ కుర్రాడి పేరు వ్యాసంలో ఎక్కడా ఉండదు. గంగుల తామ్రశాసనాలలో మాత్రం చెక్కినవాడి పేరు తరచు ఆఖరు పంక్తిలో ఉంటుంది, అక్షశాలి ఫలానావాడు చెక్కాడని. నేటి తెలుగులో కంసాలికి ఉన్న మరో పేరు అగసాలి. ఆ మాట అక్షశాలి నుంచి వచ్చిందే. తన తప్పులకు వెయ్యేళ్ళ తరవాత కూడా పాదసూచికలలో మాట పడుతున్న ఆ అగసాలికి, కనీసం పేరు దక్కింది. తప్పుకు బాధ్యత ఎవరిదో తెలియాలంటే పేరుండాలి, పేరుండాలంటే తప్పుకు సిద్ధపడాలి. ఈ లెక్కన పేరు లేకపోవడం డి.టి.పి. కుర్రాడికి వరమే అనుకోవచ్చునేమో కాని, రాత్రి పదకొండింటి దాకా వత్తులు అతికినవాడిని అడిగితే ఏమంటాడో.

మళ్ళీ గిడుగు దగ్గరికి రావాలి, ఎందుకంటే ఆయనలో తీరని ఒక వైరుధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది. ఎపిగ్రాఫియా చట్రానికి తలవంచిన మనిషే తెలుగు పుస్తకాల గ్రాంథిక చట్రం మీద జీవితమంతా యుద్ధం చేశారు. 1913లో ఆధునిక తెలుగు మీద ఆయన విజ్ఞాపనపత్రం వచ్చింది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ తన అసమ్మతి పత్రం ఇచ్చారు. 1919లో గిడుగు పర్లాకిమిడి నుంచి ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. చట్రాలు ఇష్టంలేని మనిషి అయి ఉంటే శాసన వ్యాసాలు అలా రాసేవారు కారు, చట్రాలంటే ఇష్టమైతే గ్రాంథికాన్ని కాదనేవారు కారు. ఆ యుద్ధంలో ఆయన వాడిన ఆయుధమేమిటో చూస్తే ముడి కొంచెం వదులవుతుంది: పూర్వుల వచనంలోంచి, వ్యాఖ్యానాలలోంచి ఉదాహరణలను గుట్టలుగా పోగుచేసి, పండితులు నిషేధించిన రూపాలను పండితులే వాడారని చూపడం, గ్రాంథికం రాస్తున్నామన్నవారి పుస్తకాలలోనే వ్యాకరణానికి నిలవని ప్రయోగాలను పట్టి చూపడం. అంటే పాదసూచిక పద్ధతే. ఒక చట్రం ఎదుటివాడిని సరిచూసుకోమంటుంది. రెండోది సరిచూడవద్దు, ఒదిగి ఉండమంటుంది. బయటినుంచి చూస్తే రెండూ నియమాల చిట్టాలే కాబట్టి ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి. పరిశోధనా పత్రికలు పంపే సూచనలలో ఈ రెండు రకాలూ కలగలిసి ఉంటాయి. ఏ ప్రయోగం ఎలా చేశారో చదివినవాడు మళ్ళీ చెయ్యగలిగేలా రాయాలనడం మొదటి రకం. పేరు ఎటు తిప్పాలి, ‘నేను’ అనవచ్చునా అనరాదా వంటివి చాలావరకు రెండో రకం.

ఆ ‘నేను’ సంగతి తెలుగులో మరీ వింతగా తయారైంది. ఇంగ్లీషు వ్యాసం ‘నేను’ను దాచడానికి కర్మణి వాక్యం పట్టుకుంది, అంటే చేసినవాడిని వెనక్కి నెట్టి జరిగిన పనిని ముందు నిలబెట్టే వాక్యం. దాన్ని చూసి తెలుగు వ్యాసం ‘నీటి నమూనాలు సేకరించబడినవి, పరీక్షించబడినవి, ఫలితాలు నమోదు చేయబడినవి’ అని బడుతూ లేస్తూ నడుస్తోంది. తెలుగుకు ఈ ఊతకర్ర అక్కరలేదు. ‘పదూళ్ళ బావుల నీళ్ళు తెచ్చి పరీక్షించగా ఫ్లోరైడు కనిపించింది’ అంటే చాలు. తెచ్చిందెవరో చెప్పలేదు, అయినా వాక్యం కుంటలేదు. కర్తను మాటల్లో పెట్టకుండానే మాట్లాడే సదుపాయం పుట్టుకతో ఉన్న భాష, అది లేని భాష పెట్టుకున్న కర్రను అప్పు తెచ్చుకుంది. (ఈ వ్యాసం కూడా ‘నేను’ అనకుండానే నడుస్తున్నదన్న సంగతి పాఠకుడు గమనించే ఉంటాడు, దాక్కునే అలవాటు అంత తొందరగా పోదు.)

నియమం మనిషిని దాచడమే ధర్మమైన సందర్భమూ ఉంది, అదీ ఈ నేలమీదే. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానమే ఉద్దానమైందని చెబుతారు. అక్కడ మూత్రపిండాలను మెల్లగా పాడుచేసే జబ్బు ఇంటింటా కనిపిస్తుంది. 2019లో ‘కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం శీర్షికలోనే ఉద్దానం పేరు ఉంది. వైద్య పత్రికల వ్యాసాలకు ప్రవేశిక, పద్ధతి, ఫలితాలు, చర్చ అనే నాలుగు అంకణాల ఇల్లు కట్టుబాటు. గ్రంథసూచిలో అంకెలు వేసే తీరు మీద 1978లో కొందరు సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కూర్చుని ఒప్పందానికి వచ్చారు కనుక దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. ఆ నాలుగు అంకణాల ఇంట్లోకి వచ్చేసరికి పాయకాపు రైతూ, జీడిపిక్కలు వలిచే ఆడమనిషీ పట్టికలో వయసు, వృత్తి, తాగునీటి ఆధారం అనే నిలువు గళ్ళలో అంకెలవుతారు. చదువరికి ఇది కఠినంగా తోచవచ్చు. కాని జబ్బు ఉందని తెలిస్తే పిల్లలకు సంబంధాలు రావని భయపడే ఊళ్ళలో పేరు తీసెయ్యడమే కాపాడడం. రచయిత పేరును అన్ని విధాల పట్టి బంధించే పత్రిక, రోగి పేరును ఎక్కడా జారనివ్వదు. ఈ రెండూ ఒకే సూచనల పుటలో ఉంటాయి. ఇంకొక చిన్న విషయం: ఆ జబ్బుకు వైద్యులు పెట్టిన పొట్టిపేరు ‘సి.కె.డి.యు.’, అందులో ఆఖరి ‘యు’కు అర్థం కారణం తెలియనిది అని. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం తెరిచినా ఆ అక్షరం ఇంకా రాలిపోలేదు. తెలియదన్న మాటను పేరులోనే మోసుకు తిరగడం కూడా, అగసాలి తప్పును పాఠంలో ఉంచడం వంటిదే.

రూపం చదివేవారిని బట్టి మారాలన్న సంగతి సవర భాష దగ్గర గిడుగు ఎంత ఎరుకతో పాటించారో చూడవచ్చు. సవర పిల్లల కోసం ఆయన చేసిన పుస్తకాలు తెలుగు లిపిలో ఉన్నాయి, ఎందుకంటే ఆ పిల్లలు రేపు సంతకు వెళ్ళినా కచేరీకి వెళ్ళినా ఎదురయ్యే లిపి అదే. భాషా శాస్త్రవేత్తల కోసం రాసిన వ్యాకరణం 1931లోనూ, ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం వేసింది. వాటిలో రోమను లిపికి ధ్వని గుర్తులు తగిలించారు. (సవరలలోనే పుట్టిన మంగై గొమాంగో ఆ భాషకు సొంత లిపి కట్టింది 1936లో, అది యూనికోడ్‌లోకి వచ్చింది 2012లో.) మన్నెంలో తిరిగి జ్వరాల పాలై, క్వినైను మింగి మింగి గిడుగుకు చెవులు దెబ్బతిన్నాయని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. అచ్చు పొట్టిదా పొడుగుదా అని మరొకరి నోటినుంచి విని తేల్చుకోవలసిన పనికి వినికిడి తగ్గినవాడు కూర్చోవడం ఎలాంటిదో ఊహించడం కష్టం. ఆ పొడుగుకు ఆయన వాడిన గుర్తు అచ్చు పక్కన నిలువుగా రెండు చుక్కలు. 1931 నాటి పుస్తకం పేరులో, సవరకు మరో రూపమైన ‘సోరా’ అనే మాటలో ‘ఓ’ తరవాత రెండు చుక్కలు, ‘ఆ’ తరవాత మళ్ళీ రెండు చుక్కలు ఉన్నాయి. తెలుగులో అలాగే దించితే చదివేవారు దాన్ని విసర్గ అనుకుని ఊపిరి వదులుతారు. తెలుగుకు ఆ చుక్కల అవసరమూ లేదు, ‘సో’కు ఓత్వం పొడుగు దాని ఒంట్లోనే ఉంది. ఇంగ్లీషు గ్రంథసూచులలో ఆ చుక్కలు శీర్షికనూ ఉపశీర్షికనూ విడదీసే గుర్తుతో కలిసిపోతాయి కాబట్టి, చాలాచోట్ల వాటిని ఎత్తేసి పొట్టి అచ్చులతోనే వేస్తున్నారు, వెతికినవారికి తొందరగా దొరుకుతుందని. దొరుకుతోంది కూడా, ఆర్ అక్షరం కింద.